తిరిగొస్తే ఏం చేస్తారు?

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం మూడో ఏడు చదువుతున్న అమ్మాయి ఒకతె నా గదిలోకి వచ్చి, తన సిద్ధాంత వ్యాసం చిత్తుప్రతి బల్ల మీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా, "మేడమ్, ఆధార గ్రంథాల చివర మా నాయనమ్మ పేరు వేయొచ్చా?" అని అడిగింది. నేను హైదరాబాదులో ఒక కాలేజీలో ఫ్రెంచి పాఠాలు చెప్పుకుని బతుకుతున్నదాన్ని. పిల్లలు మామూలుగా అడిగేవి వేరే ప్రశ్నలు. ఎన్ని పేజీలుండాలి, అక్షరం సైజెంత, ఇంటర్నెట్లోంచి ఎత్తితే పట్టుకుంటారా. నాయనమ్మ ఊసు ఎవరూ ఎత్తరు. "వేయొచ్చేమిటి, వేసి తీరాలి" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, ఆ పిల్ల బెదిరి వెళ్లిపోయింది. తెప్పించుకున్న టీ మీద మీగడ కట్టేదాకా అలాగే కూర్చుండిపోయాను. నా వ్యాసం చివరి పేజీలో, ఫ్రాన్సు దేశపు పేర్ల కింద, అండమాన్ దీవుల్లోని చౌల్దారీలో కాపురమున్న మా మేనత్త పేరు ఉంది. అది అక్కడికి ఎలా చేరిందో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. వెళ్లడం నాకంత ఇష్టమైన పని కాదు.

మాది పోర్ట్ బ్లెయిర్ అంచున ఉన్న డాలీగంజ్. మా తాత శ్రీకాకుళం వైపు ఒడ్డు నుంచి వలలు మూటగట్టుకుని అండమాన్ వచ్చాడు. నాన్న సముద్రం మీదికి వెళ్లడం మానేసి, వెళ్లేవాళ్లకు వలలూ తాళ్లూ మేకులూ అమ్మే దుకాణం పెట్టాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్లో ఇంగ్లీషు. తెలుగు మాట్లాడ్డమే గాని చదవడం నాకు వచ్చేది కాదు. ఇప్పుడు రాస్తున్న ఈ నాలుగు ముక్కలూ పెళ్లయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నవి. హైదరాబాదులో ఇంగ్లీషు బీఏకి దరఖాస్తు పెడితే ఫ్రెంచిలో సీటిచ్చారు. ఫ్రెంచి, స్పానిషు, పోర్చుగీసు, ఇటాలియను, ఇవన్నీ ఒకే తల్లి బిడ్డలని మా శాఖలో మొదటి పాఠంగా చెప్పేవారు. నాన్న ఆ సంగతి విని, ఒకటి నేర్చుకుంటే తక్కినవి ఊరికే వచ్చేస్తాయని తేల్చుకుని, దుకాణానికి వచ్చిన ప్రతి కాంట్రాక్టరుకూ మా అమ్మాయికి నాలుగు ఫారిన్ భాషలు వచ్చని చెప్పేవాడు. సెలవులకు వెళ్తే చాలు, జెట్టీ దగ్గర తెల్లవాళ్లెవరు కనిపించినా నాకు కబురు పంపి మాట్లాడమనేవాడు. వాళ్లు ఎప్పుడూ జర్మన్లే అయి ఉండేవారు.

మూడో ఏడు చివర్లో ఒక చిన్న సిద్ధాంత వ్యాసం రాసి ఇవ్వాలి. నాకు దాన్ని అప్పగించిన గురువుగారు ఒంటరి మనిషి, చొక్కా ఇస్త్రీ నలగని మనిషి. ఆయనది ఒకటే సూత్రం, పేజీ మీద ఉన్నదే మాట్లాడాలి. లేనిది ఊహించి రాస్తే ఎర్ర పెన్సిలుతో కొట్టేసేవారు. దీవి పిల్లవి కదా, దీవి గురించే చదువు అని, ఫ్రాన్సు పడమటి కొసన సముద్రంలో ఉన్న ఒక చిన్న దీవి మీద పాత యాత్రికులూ కథకులూ రాసినవి జిరాక్సు తీయించి ఇచ్చారు. ఆ దీవిలో మగవాళ్లు ఓడల మీద పోయేవారు. కొందరు తిరిగొచ్చేవారు కారు. శవం దొరకని మనిషికి అక్కడివాళ్లు మైనంతో ఒక చిన్న శిలువ చేసి, అతని ఇంట్లోనే తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టి, శవం పక్కన కూర్చున్నట్టే దాని పక్కన కూర్చునేవారు. మర్నాడు చర్చికి మోసుకెళ్లి ప్రార్థన చేయించి, చివరికి శ్మశానంలో ఒక చిన్న కట్టడంలో అలాంటివే తక్కిన శిలువల దగ్గరికి చేర్చేవారు. ఈ ఆచారాన్ని రచయితలు ఎలా వర్ణించారన్నదే నా విషయం. ఒప్పుకున్నప్పుడు అది చక్కగా, చల్లగా, ఎక్కడో దూరంగా ఉన్న సంగతిలా తోచింది. వానాకాలంలో మొదలుపెట్టాను, డిసెంబరుకు సగం అయింది.

ఆ డిసెంబరులోనే ఒక ఆదివారం పొద్దున సముద్రం లేచి మా దీవుల మీద పడింది. హాస్టల్లో టీవీ ముందు నిలబడి, అందరూ మద్రాసు బీచి చూపిస్తుంటే నేను అండమాన్ పేరు ఎప్పుడు వస్తుందా అని చూశాను. ఫోన్లు లేవు. చివరికి నాన్న గొంతు వినపడింది, అందరం బాగున్నామని రెండుసార్లు చెప్పి, "మీ మామయ్య సంగతే తెలవట్లేదు" అన్నాడు. మామయ్యంటే మేనత్త భర్త. వాళ్లకి పిల్లల్లేరు. చౌల్దారీలో సముద్రపు క్రీకు పక్కన ఇల్లు, డింగీ అని ఒక చిన్న పడవ. మామయ్యకు చేపలకంటే పడవ ఇంజన్లంటే ఇష్టం ఎక్కువ. వాటి రిపేరు కోసమే ఎవరో కాంట్రాక్టరు ఆయన్ని దక్షిణాన ఉన్న కార్ నికోబార్ దీవికి తీసుకెళ్లాడు. క్రిస్మస్ వెళ్లగానే వచ్చేస్తానన్నాడట. చిన్నప్పుడు కొబ్బరిచెట్టు మీంచి పడి ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వంకరగా అతుక్కున్న మనిషి. చుక్కాని పట్టుకోడానికి వీలుగా దేవుడే వంచాడని మా పిల్లలందరికీ గొప్పలు చెప్పేవాడు. కార్ నికోబార్లో ఆయన ఉన్న వైపు ఊళ్లు ఊళ్లే లేకుండా పోయాయి.

గురువుగారి దగ్గర సెలవు తీసుకుని, జిరాక్సు కట్ట పెట్టెలో పెట్టుకుని, జనవరి చివర మద్రాసులో షిప్పెక్కి ఇంటికి వెళ్లాను. ఆనాటి భూకంపానికి మా నేల కాస్త కిందికి దిగిపోయింది. చౌల్దారీ పొలాల్లోకి పోటుకు వచ్చిన ఉప్పునీళ్లు పాటుకు పోవడం మానేశాయి, వక్కచెట్లు నిలబడ్డచోటే ఎండిపోయాయి. అత్త ఇంటి గడప దాకా నీళ్లు రావడంతో నాన్న ఆమెను డాలీగంజ్ తీసుకొచ్చేశాడు. ఆమె రోజూ పొద్దున్నే అన్నం వండి, మామయ్య కంచం కూడా తీసి పెట్టి, బస్సెక్కి హాడో జెట్టీకి వెళ్లేది. నికోబార్ నుంచి దిగిన ప్రతివాణ్ణీ ఆపి, "భయ్యా, బాయాఁ హాథ్ టేఢా, ఇంజన్ మిస్త్రీ, దేఖా క్యా?" అని తన ఎడమ చెయ్యి వంచి చూపించేది. జెట్టీ అయ్యాక స్కూళ్లలో పెట్టిన సహాయ శిబిరాలన్నీ తిరిగేది. మా వాళ్లలో మగవాడు చేపల వేటకు వెళ్లి నీళ్ల మీద ఉన్నంతసేపూ ఇంట్లో గిన్నె బోర్లించరు, బోర్లిస్తే పడవ బోల్తాపడుతుందని. ఇంజను రిపేరుకు వెళ్లడం వేట ఎలా అవుతుందని అమ్మ అంటే, "నీళ్లు దాటెల్తే వేటేగదా వదినా" అనేది. మా ఇంట్లో తోమిన గిన్నెలన్నీ వెల్లకిలా ఉండేవి. వాటిలో బల్లులు పడేవి. అమ్మ రోజూ సణుక్కుంటూనే అన్నీ మళ్లీ కడుక్కునేది.

మధ్యాహ్నాలు జెట్టీ నుంచి వచ్చి అత్త వరండాలో నడుం వాల్చేది. నేను పక్కన కూర్చుని జిరాక్సులు చదువుకునేదాన్ని. ఒకరోజు అందులో ఏముందని అడిగింది. దాచడం ఎందుకో మంచిది కాదనిపించి ఉన్నదున్నట్టు చెప్పాను, ఫ్రెంచి లోంచి మా ఇంటి తెలుగులోకి, తెలియనిచోట హిందీలోకి. మైనం శిలువా, తెల్లగుడ్డా అన్నీ విని, పైట చెంగుతో మొహం తుడుచుకుని, "పాపం, ఆల్లకి రిలీఫ్ అందిందేటే?" అంది. నాకు మొదట అర్థం కాలేదు. దీవి అంటే అత్తకు ఆ ఆదివారం అల తగిలిన దీవే. ఫ్రాన్సువాళ్లక్కూడా మన గతే పట్టిందని ఆమె అనుకుంది. "అది వందేళ్ల కిందటి సంగతత్తా" అన్నాను. ఆమె లేచి కూర్చుంది. "వందేళ్లా! ఆల్ల మనుసులు ఇంకా రాలేదేటే?" అంది. ఆ మాటకు నవ్వు రావలసింది. నేను ఆ పూట ఇంకో పేజీ చదవలేకపోయాను.

మర్నాడు మళ్లీ ఆమే ఎత్తుకుంది. "రేతిరంతా ఆలోచించేను. మైనం బొమ్మకి అన్నీ సేసీసి గోరీలో ఎట్టీసేరు. ఫిర్, ఆ మనిసి తిరిగొస్తే? ఆ బొమ్మనేటి సేస్తారు? ఆ మనిసినేటి సేస్తారు?" పుస్తకాల్లో ఉంటుంది, వెతికి చెప్తానన్నాను. జిరాక్సు కట్టంతా మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. శిలువ ఎంత సన్నగా ఉండేదో ఉంది, కొవ్వొత్తుల వెలుగులో ఆడవాళ్ల టోపీలు ఎలా కనిపించాయో ఉంది, గాలి ఎలా వీచిందో ప్రతివాడూ రాశాడు. తిరిగొచ్చినవాడి సంగతి ఒక్కరూ రాయలేదు.

ఈలోగా వైజాగు షిప్పులో అత్త మరిది దిగాడు. ఊళ్లో వాళ్లమ్మ మంచం పట్టిందనీ, కొడుక్కి కర్మ జరిగిందని వింటేగాని ప్రాణం వదలనంటోందనీ చెప్పాడు. శవం లేకపోయినా పరవాలేదు, దర్భలతో మనిషి ఆకారం చేసి దహనం చేస్తే చాలునని అక్కడి పెద్దలు చెప్పి పంపారట. షిప్పు తిరిగి వెళ్లేలోగా ఆ పని ముగించుకుని వెళ్లాలి. మంచివాడే, అత్త తెచ్చి గుమ్మం పక్కన పెట్టుకున్న అన్న చెప్పులు చూసి గోడకు ఆనుకుని ఏడ్చినవాడే. కాని పట్టుదల మనిషి. "వదినా, నీళ్లొదలకపోతే అన్న ఇటూ కాక అటూ కాక సముద్రం మీదే తిరగతాడు. అది నువ్వు సూడగలవేటి?" అన్నాడు. అత్త అతని వైపు చూడకుండా, "బతికున్నోడిని నా సేత్తో తగలెట్టీసి, రేపు షిప్పు దిగితే ఆడి మొకం ఎలగ సూడను?" అంది. ఆమెకున్న చిక్కంతా అదే. ఒప్పుకుంటే, మామయ్య బతికి ఉంటే తానే చంపినట్టు. ఒప్పుకోకపోతే, పోయి ఉంటే ఆయనకు గతి లేకుండా చేసినట్టు. ఎటూ చెప్పలేక నాన్న దుకాణానికి వెళ్లిపోయేవాడు. పోయారనుకున్నవాళ్లు ఒకరిద్దరు నిజంగానే వేరే దీవుల నుంచి తిరిగొచ్చారు. వాళ్లు రాకుండా ఉంటే అత్తకు ఈ ఊగిసలాట తప్పేదని నేను అనుకున్నాను, అనుకున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

అబర్దీన్ బజారులో ఇంటర్నెట్ కొట్టుకు వెళ్లి గురువుగారికి ఉత్తరం పంపాను. తిరిగొచ్చినవాళ్ల గురించి ఎక్కడైనా ఉందా, మా అత్త అడుగుతోంది అని. జవాబు వెంటనే వచ్చింది, తనకు తెలిసినంతలో ఎక్కడా లేదని. పేజీ మీద లేదు కనక వ్యాసంలోనూ ఉండదని. చివర, మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పమని. ఆ నమస్కారం అందించాను. అత్త రెండు చేతులూ జోడించి తీసుకుని, "అన్ని పుస్తకాలు రాసినోల్లు ఈ ముక్క అడగలేదేటే? మగోల్లే అయ్యుంటారు రాసినోల్లంతా" అంది. చూసుకుంటే నిజమే, అందరూ మగవాళ్లే.

షిప్పు వెళ్లడానికి ఇంక కొద్ది రోజులే ఉన్నాయనగా నాన్న పంతులుగారిని పిలుచుకొచ్చాడు. దీవుల్లో కులానికో పంతులు దొరకడు, తెలుగువాళ్లందరికీ ఆయనే. పగలు ఏదో ఆఫీసులో గుమాస్తా, సాయంత్రం ప్యాంటు మీదే కండువా వేసుకుని స్కూటరు మీద వ్రతాలకు బయల్దేరేవాడు. అత్త ఆయనకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఫ్రాన్సువాళ్లను అడిగిన ప్రశ్నే అడిగింది. "కర్మ సేసీసేక మనిసి తిరిగొస్తే ఏటి సేస్తారు పంతులుగోరూ?" పంతులుగారు ఇలాంటిది తననెవరూ అడగలేదని ఒప్పుకుని, రాజమండ్రిలో ఉన్న తండ్రికి ఫోను చేసి కనుక్కుని చెప్తానని వెళ్లాడు. మర్నాడు సాయంత్రం హెల్మెట్ తీయకుండానే గుమ్మంలోంచి, "ఉందమ్మా, దానికీ విధి ఉంది, పక్కా" అన్నాడు.

కూర్చుని వివరంగా చెప్పాడు. అలా తిరిగొచ్చినవాడు పాత మనిషి కింద లెక్క కాదు. నేతితో స్నానం చేయించి, అప్పుడే పుట్టిన బిడ్డకు చేసినట్టు జాతకర్మ చేస్తారు. మళ్లీ పేరు పెడతారు. వరసగా అన్నీ జరిపించి, చివరికి మళ్లీ పెళ్లి చేస్తారు. అత్త తలెత్తి, "పెల్లి ఎవులితో?" అంది. "నీతోనే అమ్మా, ఇంకెవరితో చేస్తారు." "ఆయన నాకొద్దు, ఏరేది కావాలంటే?" "కుదరదమ్మా. ఓన్లీ నీతోనే." అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్లయిందో. అత్త మాత్రం నవ్వలేదు. అక్కడున్న ఒక్కొక్కరికీ పని అప్పగించింది. పురుటి స్నానం వదిన పొయ్యాలి. మంత్రాలు పంతులుగారివి. వంకర చెయ్యి చూసి ఇతనే మా అన్న అని పదిమందిలో చెప్పాల్సింది మరిది. పీటల మీద తనను మళ్లీ ధారపోయాల్సింది అన్నయ్య. అందరి చేతా సరే అనిపించుకుని, "అయితే కానిచ్చీయండి" అంది. ఆమె ఒప్పుకున్నది చావుకు కాదు, తిరిగిరావడానికి దారి ఉందన్న భరోసా మీద ఒప్పుకుంది. అది నాకు అప్పుడే తెలిసింది.

కర్మ సముద్రపు ఒడ్డునే జరిగింది. దర్భలు కట్టి మనిషి ఆకారం చేశారు, తలకు కొబ్బరికాయ. అత్త దగ్గరికి వచ్చి వంగి చూసింది. "ఎడం సెయ్యి తిన్నగా ఎట్టేరు. ఇది ఆయన కాదు" అంది. పంతులుగారు మరిది వంక చూశాడు, మరిది నేల వంక చూశాడు. చివరికి పంతులుగారే కూర్చుని, దర్భలు విప్పి, మోచేతి దగ్గర వంచి మళ్లీ కట్టాడు. అత్త ఇంకొంచెం, ఇంకొంచెం అని చెప్తూ, సరిపోయాక చాలంది. అప్పుడు ఏడ్చింది. అన్ని నెలల్లో ఆమె ఏడవడం అదే మొదలు. మరిది నిప్పు పెట్టి, ఆ షిప్పుకే వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక గిన్నెలు ఇంక బోర్లించుకోవచ్చు. అన్నాళ్లు సణిగిన అమ్మకే చేతులు రాలేదు. చాలా రోజులు బల్లులు పడుతూనే ఉన్నాయి.

హైదరాబాదు వెళ్లి వ్యాసం పూర్తి చేశాను. చివరి పేరాలో, ఎర్ర పెన్సిలు పడుతుందని తెలిసీ, అత్త అడిగిన ప్రశ్న రాశాను, ఈ రచయితలెవరూ దీన్ని అడగలేదని. గురువుగారు అక్కడ ఆగి, కళ్లజోడు తీసి, "ఈ ప్రశ్న నీదా?" అన్నారు. మా అత్తదన్నాను. "మరి మూలం చెప్పకుండా ఇంకొకరి మాట ఎలా వాడతావు? పేరు వెయ్యి" అన్నారు. ఆ పేరా కొట్టేయలేదు. పేరు ఫ్రెంచి స్పెల్లింగుతో ఎలా రాయాలో తానే దగ్గర కూర్చుని చెప్పి, ఊరు కూడా వేయించారు. ప్రశ్నకు జవాబు రాయలేదేమని మాత్రం అడగలేదు. జవాబు ఫ్రెంచిలో లేదు కదా.

అత్త చౌల్దారీ ఇల్లు మళ్లీ నిలబడలేదు. పోర్ట్ బ్లెయిర్ దగ్గరే ప్రోతరాపూర్లో నాన్న కొన్న చిన్న స్థలంలో రెండు గదులు వేసుకుని, బెండా బచ్చలీ పెంచుకుంటూ ఉండిపోయింది. బొట్టూ గాజులూ తీసేసింది గాని, గాజుల్నీ కుంకుమ భరిణెనీ పారేయకుండా పెట్టెలో దాచుకుంది. వాటి సంగతి మేమెవరం ఎత్తేవాళ్లం కాదు. ఏళ్లు ఎవరినీ అడగకుండానే నడిచిపోయాయి. పంతులుగారు రిటైరై రాజమండ్రి వెళ్లి అక్కడే పోయారు. ఊళ్లో మరిది జ్వరంతో పోయాడు. తరవాత అమ్మ, కిందటేడు నాన్న. నాన్న కర్మలకు వెళ్లినప్పుడు ప్రోతరాపూర్ వెళ్లి అత్త దగ్గర రెండు రోజులున్నాను. వరండాలో కూర్చుని బచ్చలాకు తుంచుతూ, ఉన్నట్టుండి, "ఇంక రావొద్దని సెప్పీసేనే ఆయనకి" అంది.

ఎందుకత్తా అన్నాను. "ఏటి సెయ్యను మరి? పురుడు పొయ్యడానికి వదిన లేదు. సెయ్యి సూసి ఈడే అని సెప్పీడానికి మరిది లేడు. మంత్రాలకి పంతులు లేడు. ధారపొయ్యడానికి అన్నయ్య పోయేడు. ఆల్లంతా ఉన్నన్నాలూ ఆయన వొస్తాడేమోనని సూసేను. ఇప్పుడొస్తే ఆణ్ని మనిసని ఒప్పుకునేదెవులు? నువ్వొక్కదానివి మిగిలేవు, నీకు ఫ్రెంచే వొచ్చు" అని నా మోకాలి మీద తట్టి నవ్వింది. ఆకు తుంచడం ఆపలేదు. నేనూ ఒక కాడ అందుకుని తుంచడం మొదలుపెట్టాను. మనల్ని విడిచిపోయినవాళ్లను తీసుకుపోయి కాలం ఊరుకోదు. వాళ్లు తిరిగొస్తే ఎదురువెళ్లి గుర్తుపట్టవలసినవాళ్లను కూడా, చప్పుడు చేయకుండా, ఒక్కొక్కరినే వెంట తీసుకుపోతుంది.